అలుక్కుపోయిన వాక్యం

జూన్ 14

కొత్త చరిత్ర పుస్తకాలు బడికి వచ్చాయి. పదో తరగతి కట్ట ముందు విప్పాను. తొమ్మిదో పాఠం, ‘యుద్ధాలకు కారణాలు’, నాది. పదకొండేళ్ళుగా ఎనిమిది పేజీలుండేది. ఇప్పుడు ఒకటిన్నర. నా ఏడు కారణాలనూ ఏడు వాక్యాలు చేసి పారేశారు. దాని వెనకే పదో పాఠం, ‘శాశ్వత శాంతి: తొలి ఆలోచనలు’. రాసినవాడు మా ఆవిడ తమ్ముడు.

తొమ్మిదేళ్ళప్పుడు తల్లీ తండ్రీ పోతే మా ఇంటికొచ్చినవాడు. చరిత్రంటే తారీఖులు కాదని వాడికి చెప్పింది నేను. ఈ బళ్ళో ఉద్యోగం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది నేను. ఇప్పుడు నా పక్క గదిలోనే పాఠం చెబుతున్నాడు.

సంతోషించాను. స్టాఫ్ రూములో అందరూ చూస్తుండగా భుజం తట్టి “బాగా రాశావురా” అన్నాను.

“బావా, నీ పాఠం కోసేస్తారని నాకు తెలీదు. తెలిస్తే ఒప్పుకునేవాణ్ణి కాదు.”

“కోస్తే కోశారు. పేజీలు కొలుచుకునే వయసా నాది?”

కొలిచాను. వాడిది తొమ్మిదింపావు.

జూన్ 17

ఎర్ర పెన్సిలు పట్టుకుని వాడి పాఠం చదివాను. తప్పులు దొరుకుతాయనుకున్నాను. ఒక చోట కామా ఎక్కువైంది.

విషయమేమిటంటే, మూడు వందల ఏళ్ళ కిందట ఒక మతాచార్యుడు రాజులందరి కోసం ఒక పథకం రాశాడట. అందరూ ఒకే సభగా చేరాలి, తగవు వస్తే కత్తి తీయకుండా సభ ముందు పెట్టాలి, మాట తప్పినవాడి మీద మిగిలినవాళ్ళంతా ఒకటవ్వాలి. పెద్దలు చదివి నవ్వుకున్నారట. అంతకు కొంచెం ముందు ఇంకొకాయన, ఆ సభ జరిగే గది గుండ్రంగా ఉండాలనీ, దానికి చాలా తలుపులు పెట్టాలనీ రాశాడట. ఎవరు ముందు లోపల అడుగు పెట్టాలన్న దగ్గరే కొట్టుకు చస్తారు కాబట్టి. తర్వాత ఒక తత్త్వవేత్త, మనసులో రేపటి యుద్ధాన్ని దాచుకుని చేసుకునే ఒప్పందం ఒప్పందమే కాదన్నాడట.

తలుపులు పెడితే యుద్ధాలు ఆగుతాయి! ఒక వడ్రంగిని పిలిస్తే సరిపోయేది. ఇన్ని వేల ఏళ్ళు అనవసరంగా చచ్చాం.

మా ఆవిడ చదివి “ఎంత చక్కగా రాశాడండీ, నాక్కూడా అర్థమైంది” అంది. ఈ పదకొండేళ్ళలో నా పాఠం ఆవిడ ఒక్కసారైనా చదివిన గుర్తు లేదు.

జూన్ 30

మొదలైంది. సరిహద్దు దాటారట. వాళ్ళే ముందు దాటారని మన రేడియో చెప్పింది. వాళ్ళ రేడియో ఏం చెప్పిందో ఊహించడానికి చరిత్ర మేష్టారు అక్కర్లేదు.

మా అబ్బాయి వైర్‌లెస్ దళంలో ఉన్నాడు. ఎక్కడున్నాడో చెప్పరు. మా ఆవిడ రేడియో మీద చెయ్యి వేసి నిలబడింది, దాన్ని ఆపితే వార్త ఆగిపోతుందేమో అన్నట్టు.

జూలై 2

పొద్దున బడి పిల్లలందరినీ వరుసల్లో నిలబెట్టి నన్ను మాట్లాడమన్నారు. అరగంట మాట్లాడాను. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో నా మాటకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇవాళ కొట్టారు. శత్రువును పాముతో పోల్చాను. పాము దగ్గర చప్పట్లు గట్టిగా పడ్డాయి. ఇంకోసారి పోల్చాను.

మా ఇంటి శాంతిదూత చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నా బల్ల దగ్గరికొచ్చాడు.

“బావా, నీ పాఠంలోనే ఉండేది కదా. ప్రతి యుద్ధానికీ ముందు ఎదుటివాణ్ణి పురుగునో పామునో చేస్తారని.”

“అది పుస్తకం. ఇది యుద్ధం.”

“ఆ పేరా కూడా తీసేశార్లే,” అన్నాడు.

ఎత్తిపొడుపో బాధో తెలియలేదు. ఎత్తిపొడుపే.

జూలై 6

నాకు ఖాళీ పీరియడు. వాడి తరగతి వాకిట్లో నిలబడ్డాను. వినాలని కాదు. అక్కడ గాలి బాగా వస్తుంది.

మొదటి బెంచీ అమ్మాయి లేచి అడిగింది: “సార్, మా అన్నయ్య సరిహద్దుకి వెళ్ళాడు. వాడికేమన్నా అయితే అది వృథానా?”

వాడు సుద్దముక్క బల్ల మీద పెట్టాడు.

“మీ అన్నయ్య ఏది చేసినా వృథా కాదమ్మా. తప్పు వాడి దగ్గర లేదు. కానీ మీ అన్నయ్య దాకా రాకుండానే ఆపే దారి వెతకాల్సింది. వెతికినవాళ్ళని చూసి నవ్వారు. అదీ ఈ పాఠం.”

ఆ పిల్ల ఏడ్చింది. మిగతావాళ్ళు కదలకుండా కూర్చున్నారు. నా తరగతిలో పిల్లలు ఎన్నడూ అలా కూర్చోలేదు.

జూలై 7

అబ్బాయి అక్కడ గుంటలో పడుకుని ఉంటే, ఇక్కడ వీడు ‘దారి వెతకాల్సింది’ అంటాడు! ఎవరు వెతకాలి? వీడా? ఎప్పుడైనా తుపాకీ మోత విన్నాడా? నేనూ వినలేదనుకోండి. కానీ నేను కన్నవాణ్ణి.

ఒక కాగితం రాశాను. ఎడమ చేత్తో. కోపం కాగితం మీద దించుకుంటే ఒంటికి మంచిదంటారు. చించేస్తాను.

జూలై 8

చించలేదు.

జూలై 9

అబ్బాయికి ఉత్తరం వేయడానికి పోస్టాఫీసుకి వెళ్ళాను. అంతే. వాన పడుతోంది.

జూలై 16

ఎవరో విద్యాశాఖ ఆఫీసుకి ఆకాశరామన్న ఉత్తరం రాశారట. బావమరిది మీద. పాఠం ఆపేయించి, విచారణ అయ్యేదాకా బడికి రావద్దన్నారు. పెద్ద టీచరమ్మ నన్ను గదిలోకి పిలిచి “ఎవరై ఉంటారు మేష్టారూ?” అంది.

“నాకేం తెలుసమ్మా? ఊళ్ళో సైనికుల తండ్రులు నలభైమందైనా ఉంటారు,” అన్నాను.

“తండ్రే రాశాడని నేననలేదే,” అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. అంటే, బయటివాళ్ళకి అలా అనిపించవచ్చు. నాకేం లేదు.

జూలై 19

వాళ్ళింటి గోడ మీద తారుతో ‘ద్రోహి’ అని రాశారు. ‘హి’కి గుడి సరిగ్గా పెట్టడం రాలేదు. మన బడి పిల్లలే అయి ఉంటారు.

పాలవాడు వాళ్ళింటికి పాలు పోయడం మానేశాడట. మంగలి వీణ్ణి కుర్చీలోంచి లేవమన్నాడట, సగం గడ్డంతో. మా ఆవిడ చెబుతూ ఏడ్చింది. సగం గడ్డం ఊహించుకుంటే నాకు నవ్వొచ్చింది. ఆవిడ చూసింది.

“అబ్బాయి అక్కడ చావుబతుకుల్లో ఉంటే నీకు తమ్ముడి గడ్డం ముఖ్యమైందా?” అన్నాను.

“ప్రతిదానికీ వాణ్ణి అడ్డం పెట్టుకోకండి,” అంది.

జూలై 21

పొద్దున వాళ్ళింటి మీద గుంపు పడింది. తమ్ముణ్ణి, మరదల్ని తీసుకొస్తానని ఆవిడ పరుగెత్తింది. నేను పేపరు చదువుతున్నాను. చదవడం అయ్యాక వెళదామనుకున్నాను.

ఆవిడ కుడి మణికట్టు మీద రాయి పడింది. ఎముక విరిగింది. ఆరు వారాలు సిమెంటు కట్టు.

రాయి ఎవరు విసిరారో తెలియదు. గుంపుకి చేతులుంటాయి, పేర్లుండవు.

జూలై 23

వాళ్ళిద్దరూ ఇప్పుడు మా ఇంట్లో, అబ్బాయి గదిలో. ఆ గదిలో! ఆవిడ నిర్ణయం. నన్నెవరూ అడగలేదు.

బావమరిది పెళ్ళాం నన్ను ‘అన్నయ్యగారూ’ అంటుంది. “మీరుండబట్టి గానీ లేకపోతే ఏమైపోయేవాళ్ళమో అన్నయ్యగారూ,” అంటూ టీ ఇచ్చింది. చల్లారేదాకా పట్టుకు కూర్చుని మొక్కల్లో పోశాను.

మా ఆవిడకి ఎడమ చేత్తో జడ వేసుకోవడం రాదు. మరదలు వేస్తానంటే వద్దంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నన్ను నేర్చుకోమంది. మూడు పాయలు తీయడం చెప్పినంత సులువు కాదు.

జూలై 28

విచారణ నోటీసు వచ్చింది. నిందితుడు తన తరఫున ఒక తోటి ఉపాధ్యాయుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవచ్చట. వాడు నోటీసు మడతపెట్టి నా వైపు చూశాడు.

“నువ్వు రా బావా.”

“యూనియన్ వాళ్ళెవరినైనా అడుగు. నాకు నోరు తిరగదు.”

“నీకా? బడి మొత్తంలో నీదే గొంతు. ఇంకెవరూ వద్దు, నువ్వే రావాలి.”

మా ఆవిడ సిమెంటు కట్టు బల్ల మీద ఆనించి నన్నే చూస్తోంది. ‘ఊఁ’ అన్నాను.

మంచిదే. దగ్గరుండి కాపాడవచ్చు. ఆ ఉత్తరంలో ఏముందో ఎవరికి తెలుసు?

ఆగస్టు 4

ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆఫీసు రెండో అంతస్తు. బయట వాన. పైకప్పు మూల కారుతోంది, కింద బకెట్టు పెట్టారు. విచారణాధికారి లావుపాటి మనిషి, చెడ్డవాడిలా లేడు. పెద్ద టీచరమ్మ ఒక పక్క, మేమిద్దరం ఒక పక్క.

“ఫిర్యాదును నిందితుడికి చదివి వినిపించాలి, రూలు. మా గుమస్తాకి జ్వరం. మేష్టారూ, మీరు చదవండి,” అని నా చేతికిచ్చాడు.

ఎడమ చేతి రాత. వంకర అక్షరాలు. చదవడం మొదలుపెట్టాను. గొంతు పాఠం చదివే అలవాటు చొప్పున సాగిపోయింది. ‘ఈ ఉపాధ్యాయుడు యుద్ధ సమయంలో పసి మనసుల్లో విషం నింపుతున్నాడు. సరిహద్దులో పోతున్న ప్రాణాలన్నీ వృథా అని ఇతడు నిండు తరగతిలో చెప్పగా నా చెవులారా విన్నాను. తగిన చర్య తీసుకోగలరు. ఇట్లు, ఒక సైనికుడి తండ్రి.’

“ఆగండాగండి,” అన్నాడు అధికారి. “ఆ రెండో వాక్యం మళ్ళీ చదవండి.”

చదివాను. రాసుకున్నాడు. కలం మూత పెట్టి నా వైపు మెచ్చుకోలుగా చూశాడు.

“భలేవారండీ. ఆ లైను మీద పైకప్పు నీళ్ళు కారి అలుక్కుపోయింది. నేనూ గుమస్తా రెండ్రోజులు భూతద్దం పెట్టి చూశాం, ఒక్క ముక్క అంతుపట్టలేదు. విషం నింపాడంటాడు గానీ ఏమన్నాడో లేదు. ఏమన్నాడో తేలకపోతే కేసేముంది? ఇవాళ్టితో మూసేద్దామనుకున్నా. అనుభవం అంటే ఇదీ.”

కాగితం వైపు చూశాను. ఆ చోట అక్షరాలు లేవు. అరచేయంత నీలం మరక ఉంది. బావమరిది కూడా దాన్నే చూస్తున్నాడు.

“అన్నారా ఆ మాట?” అని అధికారి వాణ్ణి అడిగాడు.

“అనలేదండీ. ఎవరూ చావకుండానే ఆపే దారి వెతకాల్సింది అన్నాను.”

“మేష్టారూ, మీది పక్క గదే కదా. మీరు విన్నారా?”

పెద్ద టీచరమ్మ కళ్ళజోడు తీసి నా వైపు చూసింది.

“సరిగ్గా వినపడదండీ,” అన్నాను. “మధ్యలో గోడ ఉంది.”

మెట్లు దిగి వాన తగ్గేదాకా వసారాలో నిలబడ్డాం. నేనే “తేలిపోతుందిలే” అన్నాను.

“అక్కడ అక్షరాలు లేవు బావా.”

నేను వాన వైపు చూశాను.

“యూనియన్ వాళ్ళని కాదని నిన్నెందుకు రమ్మన్నానో తెలుసా? ఆ రోజు నువ్వు వాకిట్లో నిలబడి వినడం చూశాను. నేనేమన్నానో నీకు పూర్తిగా తెలుసు. నువ్వు చెబుతావు, అయిపోతుంది అనుకున్నాను.” వాన్లోకి దిగుతూ అన్నాడు, “అక్కకి నేను చెప్పను. అది నా పని కాదు.”

వాన తగ్గకుండానే నడిచి వెళ్ళిపోయాడు.

ఆగస్టు 5

అందులో ‘వృథా’ అన్న మాట ఆ అమ్మాయిది. వాడిది కాదు. నాకు తెలుసు.

ఆగస్టు 7

వాడు మామూలుగానే ఉన్నాడు. ఉప్పందించమంటే అందిస్తాడు. “బావా, పేపరు” అని ఇస్తాడు. అదే భరించలేకపోతున్నాను. తిట్టొచ్చు కదా? కాలర్ పట్టుకోవచ్చు కదా? పెద్దరికం చూపిస్తున్నాడు. నా ఇంట్లో, నా కుర్చీలో, నా కంటే పెద్దవాడైపోయాడు. చిన్నప్పట్నుంచీ వాడి పద్ధతే అంత.

వాడి పద్ధతి చిన్నప్పుడు అంత కాదు. రాత్రుళ్ళు అమ్మ కావాలని ఏడిస్తే నా వీపు మీద మోశాను.

ఆగస్టు 10

ఉత్తర్వు వచ్చింది. వాడికి నది అవతల, ఎనిమిది గంటల ప్రయాణం ఉన్న ఊరికి బదిలీ. ఇకమీదట చరిత్ర చెప్పకూడదు. ప్రాథమిక తరగతులకు లెక్కలు చెప్పాలి. పదో పాఠం ఉన్న పేజీలను ప్రతి పుస్తకంలోనూ జిగురుతో అంటించేయాలి. ఆ పని సీనియర్ చరిత్ర ఉపాధ్యాయుడు దగ్గరుండి చేయించాలి.

నూట నలభై పుస్తకాలు. వేళ్ళకి జిగురు అంటుకుని వదలడం లేదు.

ఆగస్టు 12

యుద్ధం ఆగిపోయింది. నలభై మూడు రోజులు. రేడియోలో రెండు పక్షాలూ మొదటి రోజు ఉన్న గీతకే తిరిగి వెళతాయని చెప్పారు. జనం వీధుల్లో గంతులేశారు. గోడ మీద ద్రోహి అని రాసినవాళ్ళే ఆ గోడ పక్కన నిలబడి గంతులేశారు.

అబ్బాయి క్షేమమని తంతి వచ్చింది. మా ఆవిడ వరండాలో కూలబడి, తమ్ముడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నా చెయ్యి కూడా అందుబాటులోనే ఉంది.

ఆగస్టు 14

రేపు వాళ్ళు వెళతారు. పొద్దున మా ఆవిడకి జడ వేస్తున్నాను. అద్దం లేదు ఎదురుగా, గోడ ఉంది. అందుకే చెప్పగలిగానేమో.

“ఆ ఉత్తరం నేనే రాశాను.”

ఆవిడ తల కదల్లేదు. ఎప్పుడో తెలుసంటుందేమో అనుకున్నాను. ఆడవాళ్ళకి అన్నీ ముందే తెలుస్తాయని, అప్పుడు నా భారం సగం తగ్గుతుందని లెక్కవేసుకున్నాను.

“నాకు తెలీదు,” అంది. “ఊళ్ళో అందర్నీ అనుమానించాను. పాలవాణ్ణి కూడా. మీరని ఒక్కసారి కూడా అనుకోలేదు.”

చేతిలో జుట్టు వదిలేయబోయాను.

“సగంలో వదలకండి. పూర్తి చేయండి.”

వేశాను. చివర రబ్బరు బ్యాండు మూడు చుట్లు చుట్టాను. అప్పుడు తిరిగింది.

“ఎందుకు?”

ఏడు కారణాలూ నోటి చివర సిద్ధంగా ఉన్నాయి. దేశం, కొడుకు, పిల్లల భవిష్యత్తు. ఒక్కటీ బయటికి రాలేదు.

“వాడి పాఠం నాదాని కంటే బాగుంది,” అన్నాను.

ఆవిడ సిమెంటు కట్టు చూసుకుంది. తర్వాత నన్ను. “ఇంతేనా?”

“ఇంతే.”

“ఇంకేదైనా పెద్దది ఉంటే బాగుండేదండీ,” అంది.

ఆగస్టు 15

మా ఆవిడతో కలిపి ముగ్గురూ వెళ్ళారు. బావమరిది పెళ్ళాం టీ తాగుతారా అని అడగలేదు, ‘అన్నయ్యగారూ’ అనలేదు. ఆమెకీ చెప్పినట్టున్నారు. బావమరిది మాత్రం గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చి, అబ్బాయి గది తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఏదో అనబోయాను. “వద్దు బావా. ఇప్పుడే వద్దు. నాకు నిన్ను కొట్టాలని ఉంది,” అన్నాడు.

మొదటిసారి వాడు నాతో నిజం మాట్లాడినట్టనిపించింది. కాదు, వాడెప్పుడూ నిజమే మాట్లాడాడు.

ఆగస్టు 18

ఆఫీసుకెళ్ళి విచారణాధికారితో చెప్పాను. రాసింది నేనని, వాడా మాట అనలేదని, నేను విన్నానని. లావుపాటి ఆయన బిస్కెట్టు తింటూ విన్నాడు.

“యుద్ధమే అయిపోయింది, ఇంకా ఎందుకు మేష్టారూ? ఫైలు కట్టేశాం. పైగా ఆ శాంతి పాఠం మళ్ళీ చెప్పమని పైనుంచి ఆర్డరొచ్చింది. జిగురు వదిలించి మీరే చెప్పండి. మీ గొంతు బాగుంటుంది.”

సంతకం పెట్టి తెచ్చిన కాగితం బల్ల మీద వదిలి వచ్చాను. ఆయన తీసుకోలేదు, విసిరేయనూ లేదు. దాని మీద టీ గ్లాసు పెట్టాడు.

ఆగస్టు 22

అబ్బాయి వచ్చాడు.

పొద్దున తొమ్మిదిన్నరకి గేటు చప్పుడైంది. నల్లగా, సన్నగా అయిపోయాడు. సంచీ మెట్ల మీద పడేసి అక్కడే కూర్చుని “అమ్మేదీ?” అన్నాడు. బూటు లేసు విప్పుతున్నాడు.

లోపలికొచ్చాక చెబుదామనుకున్నాను. లోపలికొస్తే స్నానం అయ్యాక అనుకుంటాను. తర్వాత అన్నం తిన్నాక అనుకుంటాను. నన్ను నేనెరుగుదును. గడపలోనే చెప్పాను. మామయ్య పాఠం, వాకిలి, ఉత్తరం, రాయి, అమ్మ చెయ్యి, మరక, అమ్మ వాళ్ళతో వెళ్ళిపోవడం. ఏదీ వదల్లేదు.

వాడు ఒక బూటు విప్పి చేతిలో పట్టుకుని విన్నాడు.

“సంతకం ఏమని పెట్టావు?”

“ఒక సైనికుడి తండ్రి అని.”

బూటు కింద పెట్టాడు.

“నన్నడిగావా?”

“లేదు.”

“అక్కడ నా పక్కన ఇద్దరు పోయారు నాన్నా. వాళ్ళ పేరు చెప్పుకుని ఎవరి నాన్న ఎవరింటి మీద రాళ్ళేయించాడో.”

బూటు మళ్ళీ తొడుక్కున్నాడు. లేసు గట్టిగా బిగించి, రెండు ముళ్ళు వేశాడు.

“మామయ్య ఊరికి బస్సు ఎన్నింటికి?”

“పదిన్నరకి.”

మంచినీళ్ళు తెచ్చిచ్చాను. నిలబడే తాగాడు. సంచీ నేను పట్టుకుంటానన్నాను, ఇవ్వలేదు. బస్టాండు దాకా పదడుగుల వెనక నడిచాను. దారిలో పాలవాడు ఎదురొచ్చి, మా అబ్బాయి చెయ్యి పట్టుకుని ఊపి, “మీ నాన్నగారి స్పీచి నువ్వు వినాల్సిందయ్యా” అన్నాడు. వాడు చెయ్యి విడిపించుకుని నడిచాడు.

బస్సెక్కే ముందు వెనక్కి తిరిగి చూశాడు. రమ్మనలేదు. పొమ్మనలేదు. కండక్టరు నన్ను చూసి “మీరు కూడానా?” అని అరిచాడు. ఏం చెప్పాలో తెలియక అబ్బాయి వైపు చూశాను. వాడు కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద సంచీ పెట్టుకున్నాడు.

“కాదు,” అన్నాను కండక్టరుతో. “నేను దింపడానికొచ్చాను.”